ఇంటర్వ్యూలో మాటకు తోడు దేహభాష

న్యూఢిల్లీ: సివిల్ సర్వీసుల పరీక్షలో తుది మెట్టు ఇంటర్వ్యూ. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ధోల్‌పూర్ హౌస్‌లో నిర్వహించే ఈ వ్యక్తిత్వ పరీక్షకు 275 మార్కులు, రాతపరీక్షకు 1750. ర్యాంకుల మధ్య తేడా స్వల్పం కావడంతో ఆ అరగంటే పలువురి భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది.

ఇది నిలదీసే విచారణ కాదని, ఒక ప్రయోజనంతో సహజంగా సాగే సంభాషణ అని నిబంధనలు చెబుతున్నాయి. అందువల్ల బిగుసుకుపోవడం, జారగిలబడటం రెండూ తగవు. నిటారుగా కూర్చుని చేతులను ఒడిలో వదులుగా ఉంచుకోవాలి. ప్రశ్న వేసిన సభ్యుని వైపు చూస్తూ జవాబు ప్రారంభించి, మిగిలిన వారి వైపు కూడా దృష్టి సారించాలి. ప్రశ్న పూర్తికాకముందే తల ఊపడం తొందరపాటుగా కనిపిస్తుంది.

తెలుగు మాధ్యమాన్ని ఎంచుకున్నవారికి దుబాసీ సహాయం ఉంటుంది. అయినా చూపు నిలపవలసింది దుబాసీపై కాదు, బోర్డు సభ్యులపైనే.

భావవ్యక్తీకరణలో మాటల వాటా ఏడు శాతమేనన్న ప్రచారం సరికాదు. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ జరిపిన పరిశోధనలు ఇష్టాయిష్టాల వ్యక్తీకరణకే పరిమితం. విషయం తెలియనప్పుడు ఏ భంగిమా ఆదుకోదు. తెలియదని తడబడకుండా ఒప్పుకోవడమే మేలు.