మైళ్ళు కాదు, నీళ్ళు చూడండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లూ బండీ కలిపి ఒకేసారి, అదీ సెకండ్ హ్యాండులో కొనాల్సి వస్తే ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. అమెరికాలో పాత మోటార్ హోమ్ కొనడమంటే అదే. వంటగది, పడకలు, బాత్‌రూమ్ అన్నీ ఒక ట్రక్కు ఛాసిస్ మీద కూర్చోబెట్టిన ఇల్లు అది.

మాకు ఆ అవసరం ఎందుకొచ్చిందో ముందు చెబుతాను. అమ్మా నాన్నా గుంటూరు నుంచి ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. అమ్మకి షుగరు, మోకాళ్ళ నొప్పులు. గంటన్నరకోసారి బాత్‌రూమ్ దొరకాలి. నాన్నకి వేళకి ఇంత అన్నం, చారు పడాలి. ఇద్దరు పిల్లలతో కలిసి డల్లాస్ నుంచి ఎల్లోస్టోన్ దాకా కారులో అంటే కుదిరే పని కాదు. ఏడాదికి పది రోజులు తిరిగే వాళ్ళకి అద్దె బండే లాభం, ఆ లెక్కలో అనుమానం లేదు. మేము ఐదారు వారాలు తిరగాలనుకున్నాం కాబట్టి కొనడానికే సిద్ధపడ్డాం. మరమ్మతులతో సహా బడ్జెట్ 25 వేల డాలర్లు.

ఏ రకం కొనాలి?

మోటార్ హోమ్‌లు మూడు రకాలు. బస్సులా ఉండేది క్లాస్ ఏ. వ్యానులోనే అన్నీ సర్దినది క్లాస్ బి. వ్యాను ముందు భాగం అలాగే ఉంచి వెనక ఇల్లు కట్టి, డ్రైవరు నెత్తి మీద ఒక పడక పెట్టినది క్లాస్ సి. తక్కువ బడ్జెట్‌లో కుటుంబానికి క్లాస్ సి నయం. వీటిలో చాలా భాగం ఫోర్డ్ ఈ-450 లాంటి ఛాసిస్‌ల మీద కట్టినవే. డెలివరీ ట్రక్కులకూ, అంబులెన్సులకూ వాడే రకం కనుక విడిభాగాలు చిన్న ఊళ్ళో కూడా దొరుకుతాయి. గ్యాలనుకి ఎనిమిది నుంచి పది మైళ్ళు వస్తే సంతోషించాలి. పొడవు కూడా ముందే ఆలోచించుకోండి. గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగులు దాటిన వాహనాన్ని రానివ్వరు.

తక్కువ మైళ్ళ మాయ

కారు కొనేటప్పుడు మనం మొదట ఓడోమీటరు చూస్తాం. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. పదేళ్ళు ఆపేసి మూలన పెట్టిన సర్వర్‌ని ఇవాళ ఆన్ చేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మోటార్ హోమ్ కూడా అంతే. కదలకుండా నిలబెడితే టైర్లు పగుళ్ళిస్తాయి, రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, జనరేటర్ కార్బురేటర్లో పెట్రోలు జిగురుగా మారుతుంది.

అన్నిటికంటే పెద్ద శత్రువు నీరు. ఇంజను పాడైతే ఖర్చు ఎంతో మెకానిక్ చెప్పగలడు. పైకప్పు అతుకులోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి గోడలోని చెక్క చట్రం కుళ్ళిపోతే, బాగుచేసే ఖర్చు బండి ధరనే దాటిపోవచ్చు. మెల్లగా జరిగిన ఇలాంటి నష్టానికి ఇన్సూరెన్సు కూడా సాధారణంగా రాదు.

మేము చూసిన వాటిలో ఒకటి 30 అడుగులది, 18 వేల మైళ్ళే తిరిగింది. ధర మా బడ్జెట్ కంటే నాలుగు వేలు తక్కువ. లోపల కొత్త వినైల్ ఫ్లోరు, మంచి సువాసన. మా ఆవిడకి తెగ నచ్చేసింది. నేను నలభై డాలర్లు పెట్టి కొన్న తేమ మీటరుతో నెత్తి మీది పడక మూలలు తడిమాను. రెండు మూలల్లోనూ ముల్లు ఎరుపులోకి వెళ్ళింది. కప్‌బోర్డు లోపలి గోడని బొటనవేలితో నొక్కితే అప్పడంలా లోపలికి పోయింది. కొత్త ఫ్లోరు ఎందుకు వేశారో అప్పుడు అర్థమైంది. అమ్మే ఆయన "చిన్న లీకేజీ, ఎప్పుడో ఆగిపోయింది" అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశాం.

చూడవలసిన క్రమం

మొదట నిచ్చెన వేసుకుని పైకెక్కండి. వెంట్లు, ఏసీ, అంచుల చుట్టూ ఉన్న సీలెంటు పగిలిందా చూడండి. తరువాత గోడ పక్కన నిలబడి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు దాని పొడవునా చూడండి. ఫైబర్‌గ్లాస్ బుడగలా ఉబ్బితే లోపల పొరలు విడిపోయినట్టే. నెత్తి మీది పడక, కిటికీల కింది మూలలు, బాత్‌రూమ్ నేల, స్లైడ్-అవుట్ అంచులు తప్పనిసరిగా నొక్కి చూడాలి.

టైరు మీద డి.ఓ.టి. కోడ్ చివరి నాలుగు అంకెలు దాని పుట్టినతేదీ. 3516 అని ఉంటే 2016లో 35వ వారం. ట్రెడ్ కొత్తదానిలా కనిపించినా, ఆరేడేళ్ళు దాటితే మార్పించే ఖర్చు బేరంలో కలపండి. క్లాస్ సికి సాధారణంగా ఆరు టైర్లు. హైవే మీద నిండు బరువుతో ముందు టైరు పేలితే బండి అదుపు తప్పొచ్చు. ఇది డబ్బు లెక్క కాదు, ప్రాణాల లెక్క.

ఫ్రిజ్‌ని ముందు రోజే ఆన్ చేసి ఉంచమని అమ్మేవాళ్ళని అడగండి. గ్యాస్‌తో పనిచేసే ఈ రకం చల్లబడడానికి చాలా గంటలు తీసుకుంటుంది. ఒకసారి గ్యాస్ మీద, ఒకసారి కరెంటు మీద చూడాలి. జనరేటర్ మీద ఏసీ వేసి అరగంట నడపండి. గంటల మీటరులో అంకె మరీ తక్కువైతే మురిసిపోకండి, వాడకుండా వదిలేశారని అర్థం. గ్యాస్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్లకి గడువు ఉంటుంది, వెనక తేదీ చూడండి.

పడకలు ఆరు ఉన్నాయని ఆరుగురు ప్రయాణం చెయ్యొచ్చనుకోవద్దు. సీటు బెల్టులు లెక్కపెట్టండి. పక్కకి తిరిగి ఉన్న సీట్లలో పిల్లల కార్ సీటు పెట్టకూడదు. బరువు స్టిక్కరు కూడా చదవండి. గ్యాలను నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే 330 పౌండ్లు అక్కడే అయిపోయాయి, బియ్యం బస్తా ఇంకా ఎక్కలేదు!

కాగితాలు

విన్ నంబరుతో ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. సైటులో రీకాల్స్ ఉచితంగా చూడొచ్చు. ఛాసిస్ కంపెనీ వేరు, ఇల్లు కట్టిన కంపెనీ వేరు, రెండిటివీ చూడండి. టైటిల్ చరిత్ర డబ్బు కట్టైనా తీసుకోండి. 2017లో హార్వీ, 2022లో ఇయన్ లాంటి తుఫానుల్లో మునిగిన బండ్లు రంగులు వేసుకుని వేరే రాష్ట్రాల్లో తేలతాయి. చివరికి ఒకటి ఖాయం చేసుకున్నాక, ఆర్వీ ఇన్‌స్పెక్టరుకి కొన్ని వందల డాలర్లిచ్చి చూపించండి. బండి ఎక్కడ పెడతారో కూడా ముందే తేల్చుకోండి, చాలా హెచ్.ఓ.ఏ.లు డ్రైవ్‌వేలో ఉంచనివ్వవు.

మేము చివరికి తీసుకున్నది 2006 మోడల్, 24 అడుగులు, 61 వేల మైళ్ళు. సోఫా రంగు వెలిసింది, కర్టెన్లు చూడబుద్ధి కాదు. కానీ రిటైరైన ఒక దంపతులు ప్రతి వేసవీ నడిపిన బండి. పైకప్పు సీలెంటు ఎప్పుడు వేశారో, ఆయిలు ఎప్పుడు మార్చారో తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచారు. 17,500 డాలర్లకి బేరం కుదిరింది. ఆరు టైర్లు, బ్యాటరీలు, బెల్టులు, డిటెక్టర్లు మార్చడానికి మరో మూడు వేల చిల్లర అయింది. మిగిలినది దారి ఖర్చులకి పక్కన పెట్టాం.

మీ వంతు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి: "పైకప్పు సీలెంటు చివరిసారి ఎప్పుడు వేశారు?" తడుముకోకుండా తేదీ చెప్పగలిగినవాళ్ళ బండినే ముందు చూడండి.