దమ్ము ఉన్నవారికి ముక్కు దిబ్బడ: చుక్కల లెక్క, ఉప్పు లెక్క

గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా మెడికల్ షాపులో "ముక్కు దిబ్బడేసింది, ఏదన్నా ఇవ్వు" అంటే సాధారణంగా చేతికొచ్చేవి సర్ది గోళీ, చుక్కల సీసా. దమ్ము ఉన్నవాళ్లు ఆ రెండూ జేబులో వేసుకునే ముందు కొన్ని లెక్కలు చూసుకోవాలి.

దమ్ము అని మనం పిలిచేదాంట్లో సీఓపీడీ వాటా పెద్దది. బీడీ, కట్టెల పొయ్యి పొగ ఏళ్ల తరబడి ఊపిరితిత్తులను తినేసే జబ్బు ఇది. 2016 అంచనా ప్రకారం దేశంలో సుమారు 5.5 కోట్ల మందికి ఉంది. ఊపిరి పీల్చేటప్పుడు గాలికి ఎదురయ్యే అడ్డులో సగం పైన ముక్కులోనే ఉంటుంది. అది మూసుకుపోతే నోటితో పీల్చాలి. అప్పుడు చలిగాలి, పల్లీల దుమ్ము వడపోత లేకుండా లోపలికి దిగుతాయి. ఛాతీకి వాడే పంపు ముక్కును తెరవదు.

సర్ది గోళీలో తరచూ ఉండేది 10 మిల్లీగ్రాముల ఫినైల్‌ఎఫ్రిన్. మింగితే ఇది ముక్కు దిబ్బడను తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ 16–0 ఓట్లతో తేల్చింది. అదే గోళీలోని క్లోర్‌ఫెనిరమిన్ మత్తు తెస్తుంది, కఫాన్ని చిక్కబరుస్తుంది. ప్రోస్టేట్ ఉబ్బిన పెద్దాయనకు మూత్రం బిగుసుకుపోవచ్చు. ఆయన దమ్ముకు టయోట్రోపియం పంపు కూడా వాడుతుంటే ఆ ముప్పు ఇంకాస్త పెరుగుతుంది.

చుక్కలు మాత్రం నిజంగానే పనిచేస్తాయి, చిక్కంతా అక్కడే. జైలోమెటజోలిన్ నిమిషాల్లో ముక్కు తెరుస్తుంది. వాడాల్సింది 3 రోజులు, మహా అయితే 5. ఆపైన వాడితే మందు దిగగానే ముక్కు ముందుకన్నా గట్టిగా బిగుస్తుంది, మళ్లీ చుక్కలే కావాలనిపిస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు.

నా ఓటు ఉప్పునీటికి. లీటరుకు 9 గ్రాములు, అంటే పావు లీటరుకు రెండుంపావు గ్రాములు. చిన్న చెంచాలో మూడో వంతు దాటి కొంచెం. బోరు నీళ్లు, నల్లా నీళ్లు నేరుగా ముక్కులోకి వద్దు. కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లార్చాలి. 2011లో అమెరికాలోని లూసియానాలో కాచని కుళాయి నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు మెదడుకు పాకిన అమీబాతో చనిపోయారు. కొలతల బెడద వద్దనుకుంటే షాపులో 0.65 శాతం సెలైన్ చుక్కలు దొరుకుతాయి. ఎలర్జీతో ఎప్పుడూ ముక్కు పట్టేసేవాళ్లకు డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. దాని పూర్తి ఫలితం కోసం వారం, రెండు వారాలు ఓపిక పట్టాలి.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లది ఇంకో లెక్క. ముక్కు బిగుసుకుంటే గొట్టంలోని గాలి సరిగా అందదు, దాంతో చెయ్యి మిషన్ మీటవైపు పోతుంది. పెంచొద్దు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకునే సీఓపీడీ రోగులకు రక్తంలో ఆక్సిజన్ 88–92 శాతం మధ్య ఉంటే చాలు; అంతకు మించితే ఆ వాయువు ఇంకా పేరుకుని మత్తులోకి జారొచ్చు. ముక్కు ఎండిందని వ్యాసలిన్ పూయొద్దు, ఆక్సిజన్ దగ్గర దానికి నిప్పంటుకునే ముప్పుంది. నీటి ఆధారిత జెల్ వాడాలి. ఆ గొట్టంతోనే పొయ్యి దగ్గర కూర్చుని ఆవిరి పట్టడం ఇంకా ప్రమాదం.

కఫం పచ్చబడి, ఎక్కువై, ఆయాసం పెరిగితే అది ఇక ముక్కు సంగతి కాదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆక్సిజన్ 88 దిగినా, మాట మధ్యలో ఊపిరి ఆగినా 108కి ఫోన్ చేయండి. చూపించుకోవడానికి వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి.