విరేచనం తారులా నల్లగా వస్తే ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి

శనక్కాయ చెట్లు పీకే రోజుల్లో నడుము, మోకాళ్లు పట్టేస్తే మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు తెచ్చుకుంటాం. వాటిని రోజుల తరబడి మింగితే కడుపులో పుండు పడి లోపలే రక్తం కారవచ్చు. మందు అలవాటుతో లివర్ చెడినవాళ్లకూ ఈ ప్రమాదం ఉంది.

విరేచనం నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో వస్తుందా? వాంతిలో రక్తం గానీ, కాఫీ పొడి లాంటి నలుపు గానీ ఉందా? ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది, నిజమే. కానీ కళ్లు తిరిగి చెమటలు పడుతుంటే వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి కూర్చోబెట్టొద్దు.

108 వచ్చేదాకా ఏమీ తినిపించకండి, తాగించకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మింగిన బిళ్లల అట్ట డాక్టరుకు చూపించండి.

2007లో మన జిల్లాతో కలిపి మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీయే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ. నెట్‌వర్క్ ఆసుపత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గర అడగండి. కార్డు వెనక ఎవరైనా తెస్తారు, ముందు మనిషిని పంపండి.