పార్టులు కొనేముందు ఓ కాగితం తీయండి

‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మానిటర్... అన్నీ కలిపి రూ.20 వేలే!’

ఫోన్లో ఇలాంటి ప్రకటన కనిపిస్తే ఎవరికైనా చెయ్యి ఆగుతుంది. కానీ అందులో ఒక్క ముక్క మాత్రం రాయరు. అది ఎన్నో తరం ఐ7? ఈ ధరకు వచ్చే సెట్లలో చాలావరకు 2011-13 మధ్య విడుదలైన రెండు, మూడు, నాలుగో తరం చిప్పులే ఉంటాయి. 2011 నాటి ఐ7-2600లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100లోనూ అన్నే. కానీ పనిలో పెడితే ఈ ‘చిన్న’ ఐ3 ఆ ‘పెద్ద’ ఐ7ను సునాయాసంగా దాటేస్తుంది. పైగా విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచే అధికారిక మద్దతు. అంటే కొన్న రోజే పాతబడిన సిస్టమ్‌కి మీరు డబ్బు కట్టినట్టు.

ఉమ్మడి విశాఖ జిల్లా చోడవరం, మాడుగుల, దేవరాపల్లి వైపు ఇప్పుడు చాలామంది కుర్రాళ్లకీ అమ్మాయిలకీ సొంత వర్క్‌స్టేషన్ కావాలి. ఒకరు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారు. ఇంకొకరు పరవాడ, అచ్యుతాపురం కంపెనీల్లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం కోసం ఆటోక్యాడ్ నేర్చుకుంటారు. మరొకరు బ్లెండర్, మెషీన్ లెర్నింగ్ అంటారు. ఆ డబ్బు మాత్రం నాన్న చెరకు బిల్లులోంచో, అమ్మ డ్వాక్రా అప్పులోంచో వస్తుంది. తప్పు పార్టు కొంటే ‘పోనీలే, వచ్చే ఏడాది మార్చుకుందాం’ అనే వీలుండదు. అందుకే షాపుకి వెళ్లేముందు ఓ కాగితం, పెన్ను తీయండి.

ముందు పని... తర్వాతే పార్టు

కాగితం మీద మొదట రాయాల్సింది పార్టుల పేర్లు కావు. మీరు వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు, రోజుకి ఎన్ని గంటలు వాడతారో రాయండి.

ఆటోక్యాడ్ 2డీ డ్రాయింగులైతే పని చాలావరకు ఒకే కోర్ మీద నడుస్తుంది. అక్కడ 16 కోర్ల కంటే ఒక్కో కోర్ వేగం ముఖ్యం. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రీమియర్ ప్రోలో కెమెరా, ఫోన్ వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ బాగా సాయపడుతుంది. బ్లెండర్ రెండరింగ్‌కి గ్రాఫిక్స్ కార్డే ప్రాణం. వెబ్ కోడింగ్‌కి అసలు కార్డే వద్దు, ర్యామ్ చాలు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ తెరిస్తే మాత్రం 8 జీబీ ఏ మూలకీ చాలదు, 16 ఉండాల్సిందే.

అనుమానముంటే ఒక పరీక్ష చేయండి. కాలేజీ ల్యాబులోనో, స్నేహితుడి సిస్టమ్‌లోనో మీ అసలు పనే ఓ అరగంట చేయండి. పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచండి. ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, జీపీయూ... వీటిలో ఏది ముందు 100 శాతానికి చేరుతోందో రాసుకోండి. మీ డబ్బు ఎక్కువగా పోవాల్సింది ఆ పార్టు మీదకే. పది యూట్యూబ్ రివ్యూలకన్నా ఈ అరగంట ఎక్కువ చెబుతుంది.

ఒక మాట నిజాయతీగా చెప్పాలి. మీరు విశాఖలో హాస్టల్లో ఉంటూ వారానికోసారి ఊరొస్తుంటే డెస్క్‌టాప్ మీకు కాదు. ల్యాప్‌టాప్ తీసుకోండి. ఒకేచోట కూర్చుని రోజూ గంటలకొద్దీ పనిచేసేవాళ్లకే డెస్క్‌టాప్ లాభం. అదే డబ్బుకి ఎక్కువ వేగం, పాడైతే పాడైన పార్టు వరకే మార్చుకునే వీలు దొరుకుతాయి.

పేరు చివర అక్షరం చూడండి

మధ్యతరగతి వర్క్‌స్టేషన్‌కి 6 కోర్లు, 12 థ్రెడ్లున్న ప్రాసెసర్ మంచి మొదలు. ఇంటెల్‌లో ఐ5-12400, ఏఎండీలో రైజెన్ 5 5600 ఈ కోవలోవే. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఐ5-12400ఎఫ్ కాస్త చవకగా కనిపిస్తుంది. చివర్లో ఉన్న ఆ ‘ఎఫ్’కి అర్థం లోపల గ్రాఫిక్స్ లేవని. రైజెన్ 5 5600లోనూ అంతే. ‘కార్డు తర్వాత కొందాంలే’ అనుకుని వీటిని తెచ్చుకుంటే మానిటర్ మీద ఏమీ రాదు. ఇప్పుడే కార్డు కొననివాళ్లు ఎఫ్ లేని ఐ5-12400గానీ, రైజెన్ 5 5600జీగానీ చూడాలి.

బోర్డు విషయానికొస్తే సాకెట్ కలవాలి, ర్యామ్ రకం కలవాలి. ఏఎం4 బోర్డులకి డీడీఆర్4, ఏఎం5 బోర్డులకి డీడీఆర్5 మాత్రమే. ఐ5-12400 కూర్చునే ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో రెండు రకాలూ ఉన్నాయి. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు, బిల్లు వేయించేముందే చూసుకోండి. ఏఎం5కి 2027 దాటాక కూడా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది. మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకుంటే అది లెక్కలోకి తీసుకోండి.

ర్యామ్, స్టోరేజీ

16 జీబీ కావాలంటే 8 జీబీవి రెండు తీసుకుంటే డ్యూయల్ ఛానల్‌లో నడుస్తుంది. కార్డు లేకుండా లోపలి గ్రాఫిక్స్‌తో నెట్టుకొచ్చేవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. తర్వాత పెంచుకునే ఉద్దేశముంటే నాలుగు స్లాట్ల బోర్డు చూడండి. ఏఐ సర్వర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. కాబట్టి ఆర్నెల్ల కిందటి వీడియోలో చెప్పిన ధర నమ్ముకుని బడ్జెట్ వేయకండి. కొనే వారంలో కొటేషన్ తీసుకోండి.

స్టోరేజీలో లెక్క తేలిక. పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100-200 ఎంబీ చదువుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దగ్గర ఆగిపోతుంది. జెన్3 ఎన్‌వీఎంఈ 3,500 దాకా వెళ్తుంది. విండోస్, సాఫ్ట్‌వేర్లు, చేస్తున్న ప్రాజెక్టు ఎన్‌వీఎంఈలో పెట్టండి. అయిపోయిన పెళ్లి వీడియోలు హార్డ్ డిస్క్‌లోకి తోసేయండి.

గ్రాఫిక్స్ కార్డు: మోజా, అవసరమా?

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ ప్రకటించింది. అప్పట్నుంచీ ‘ఏఐ నేర్చుకోవాలంటే ఏ కార్డు కొనాలన్నా?’ అని అడిగేవాళ్లు పెరిగారు. నా జవాబు: మొదటి ఆర్నెల్లు ఏదీ కొనకండి. గూగుల్ కోల్యాబ్, కాగుల్ పరిమితుల మేరకు జీపీయూను ఉచితంగానే వాడనిస్తాయి. పైథాన్, గణితం, చిన్న మోడళ్ల శిక్షణ దాకా అవి చాలు. ఆ పరిమితి మీకు అడ్డు తగిలిన రోజున కార్డు గురించి ఆలోచించండి.

అప్పుడు కూడా ముందు వీర్యామ్ చూడండి. ఉదాహరణకి 700 కోట్ల పారామీటర్ల భాషా మోడల్‌ని 16 బిట్లలో నడపాలంటే ఒక్కో పారామీటర్‌కి 2 బైట్లు, అంటే 14 జీబీ కావాలి. 4 బిట్లకి కుదిస్తే 3.5 జీబీ, పైన మరికొంత. అందుకే ఈ పనికి 8 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060 కంటే, పాతదే అయినా 12 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 3060 కొన్నిసార్లు అక్కరకొస్తుంది. మెషీన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం ఎన్‌విడియా కూడా మీద నడవడానికి అలవాటుపడ్డాయి కాబట్టి ఈ పనికి ఎన్‌విడియా కార్డే తిప్పలు తక్కువ పెడుతుంది.

సెకండ్ హ్యాండ్ కార్డులతో జాగ్రత్త. 2022 సెప్టెంబరులో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రీపగలూ నడిచిన కార్డులు చాలా మార్కెట్లోకొచ్చాయి. మీ కళ్లముందు ఓ అరగంట లోడు మీద నడిపి చూపించనివాళ్ల దగ్గర కొనకండి.

అందరూ మర్చిపోయే డబ్బా

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో నేను కట్టుకున్న మొదటి సిస్టమ్‌లో క్యాబినెట్‌తో పాటు ‘ఫ్రీ’గా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ ఉండేది. పైన 450 వాట్లని స్టిక్కర్. ఒక ఎండాకాలం సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. టప్ మని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోతే బాగుండేది. బోర్డునీ, హార్డ్ డిస్క్‌నీ కూడా తీసుకుపోయింది. మినీ ప్రాజెక్టు ఫైళ్లన్నీ అందులోనే. వెయ్యి రూపాయలు మిగిల్చానని సంబరపడ్డవాణ్ని, అన్నీ మళ్లీ కొనడానికి నాన్న ముందు చెయ్యి చాచాను. అందుకే ఈ పార్టు దగ్గర మాత్రం నేను బేరమాడను.

లెక్క ఇలా వేయండి. ఐ5-12400 గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3060కి 170. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కులకి ఓ 60 వేసుకోండి. మొత్తం 347 వాట్లు. పైన వెసులుబాటు ఉంచి 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలి. ‘80 ప్లస్’ ముద్ర విద్యుత్తు ఎంత వృథా అవుతుందో చెబుతుంది. అంతేగానీ రక్షణలన్నీ ఉన్నాయని చెప్పదు. ఓవర్ వోల్టేజీ, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయో లేదో, వారంటీ ఎన్నేళ్లో చూడండి.

మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లు. పై లెక్కకి మానిటర్ కలిపితే అది చాలదు. 1,000 వీఏ, అంటే సుమారు 600 వాట్లది చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపే సిస్టమ్ రీస్టార్ట్ కావొచ్చు. వీటన్నిటికన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోందంటే ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. ఉరుములప్పుడు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా పీకేయండి, పిడుగు దాని వెంట కూడా వస్తుంది.

2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేరు. రోజుల తరబడి కరెంటే లేదు. పని ఫైళ్లకి మూడు కాపీలు ఉండాలి. రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి ఇంటి బయట లేదా క్లౌడ్‌లో.

ఎండ, దుమ్ము, బల్లులు

రివ్యూలు చేసేవాళ్లు ఏసీ గదిలో కూర్చుంటారు. మన గదిలో మే నెల వేడి, ఉక్కపోత. ముందు భాగం అద్దంతో మెరిసే క్యాబినెట్ కన్నా జాలీ ఉన్నది మేలు. గాలి లోపలికి ఒకటి, బయటికి ఒకటి, కనీసం రెండు ఫ్యాన్లు ఉండాలి. డస్ట్ ఫిల్టర్ విప్పి కడుక్కునేలా ఉండాలి. వాటర్ కూలర్ గాలి నేరుగా సిస్టమ్ మీదకి పెట్టకండి, తేమ చేరుతుంది. వెనక ఖాళీ స్లాట్లకి మూత రేకులు బిగించండి. లేదంటే ఏదో ఒక రాత్రి బల్లి దూరి బోర్డు మీద పడుకుంటుంది.

బిల్లే మీ వారంటీ

విశాఖలో కొన్నా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా జీఎస్టీ బిల్లు తీసుకోండి. అందులో పార్టు మోడల్, సీరియల్ నంబరు ఉండాలి. ‘బిల్లు లేకపోతే తగ్గిస్తాం’ అంటే మీ వారంటీని మీరే అమ్ముకుంటున్నట్టు. డబ్బాలో వచ్చే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకి మూడేళ్ల వారంటీ ఉంటుంది. డబ్బా లేకుండా విడిగా అమ్మే ‘ట్రే’ చిప్పుకి ఆ భరోసా ఉండదు. ఒక్కో పార్టు ధర విడివిడిగా రాసిన కొటేషన్ కనీసం రెండుచోట్ల తీసుకోండి. ‘టోటల్ సెట్ ఇంత’ అన్నారంటే ఎక్కడో ఎస్‌ఎంపీఎస్ దగ్గర కోత పడిందనే లెక్క. షాపులోనే బిగించమని అడిగి, డిస్‌ప్లే వచ్చాకే ఇంటికి తెచ్చుకోండి.

చేతిలో డబ్బు చాలకపోతే ఒక వరస పాటించండి. ఎస్‌ఎంపీఎస్, బోర్డు, మానిటర్ మొదటిసారే మంచివి కొనండి, వాటిని మాటిమాటికీ మార్చం. ర్యామ్, రెండో డిస్కు, గ్రాఫిక్స్ కార్డు తర్వాత కలుపుకోవచ్చు. ఆర్‌జీబీ లైట్ల సంగతి సంపాదన మొదలయ్యాక చూసుకుందాం.

ఇప్పుడు ఆ కాగితం తిప్పి వెనకాల ఒకే ప్రశ్న రాయండి. ‘ఈ సిస్టమ్‌తో మొదటి ఆరు నెలల్లో నేను పూర్తిచేసే పనులేంటి?’ రెండు పెళ్లి వీడియోలా, పది డ్రాయింగులా, ఒక యాప్ ప్రాజెక్టా? జవాబు రాయగలిగితే ఆ కాగితాన్ని ఇంట్లో డబ్బిచ్చేవాళ్ల ముందు పెట్టండి. వాళ్లకి ఐ5, ఐ7 తేడా తెలియక్కర్లేదు, ఆ జవాబు అర్థమవుతుంది. రాయలేకపోతే ఇంకో నెల ఆగండి. కొత్త సిస్టమ్‌కి పసుపు, కుంకుమ ఆ తర్వాత పెట్టినా ఆలస్యమేమీ కాదు.