నౌపడ – పర్లాకిమిడి చిన్న రైలుమార్గము: ఆద్యుడెవడు?

యంత్రవిద్యా చరిత్రమును వ్రాయువారు సాధారణముగా కనిపెట్టినవానితో నారంభించి యతనితోడనే ముగింతురు. ఇనుప పట్టాలపై ఆవిరియంత్రమును నడిపిన ట్రెవిథిక్కును (1804), స్టాక్టన్ – డార్లింగ్టన్ మార్గమును నిర్మించిన జార్జి స్టీఫెన్సనును (1825) పాఠ్యగ్రంథములన్నియు స్మరించును. అన్యదేశమున పుట్టిన సాధనమును తన సీమకు తగినట్లు మలచి నెలకొల్పినవానిని మాత్రము విస్మరించును. కల్పకుడు వేఱు, ఆద్యుడు వేఱు అని మా యభిప్రాయము. దీనికి టెక్కలి ప్రాంతముననే చక్కని నిదర్శనము కలదు.

తూర్పుతీరపు పెద్ద రైలుమార్గము 1893–1896 సంవత్సరముల నడుమ ఏర్పడినది. అది ఉద్దానపు సీమలో పలాసను, దానికి దక్షిణమున నౌపడను తాకుచు సాగెను. పర్లాకిమిడి మాత్రము నౌపడకు 25 మైళ్ళ దూరమున లోపల నిలిచిపోయెను. నాడు ఈ భూభాగమంతయు చెన్నరాజధానిలోని గంజాము జిల్లాకు చేరినదే. పర్లాకిమిడి ప్రభువగు గౌరచంద్ర గజపతి నారాయణదేవు తన పట్టణమును నౌపడతో కలుపవలెనని 1898లో నిశ్చయించెను. సుమారు 7 లక్షల రూపాయల వ్యయముతో ముగిసిన యా మార్గము 1900 ఏప్రిల్ 1న తెఱవబడెను. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నము, పర్లాకిమిడి అనునవి దానిపై ముఖ్యమైన మజిలీలు.

ఇందలి విశేషమంతయు పట్టాల నడిమి వెడల్పులో నున్నది. పెద్ద మార్గమున కది 5 అడుగుల 6 అంగుళములు. దీనికి 2 అడుగుల 6 అంగుళములు మాత్రమే. వెడల్పు తగ్గినకొలది బండి తేలికయగును, పట్టాలు సన్ననివైనను చాలును, కట్టకు వలయు భూమియు మన్నును తగ్గును. కొండవాలులలో ఇఱుకు మలుపులు తిరుగుటయు సులభము. ఈ కొలత రాజుగారి కల్పన కాదు. బరోడా గాయకవాడు 1862లోనే ఈ కొలత పట్టాలపై ఎద్దులచే బండ్లు లాగించెను. కాల్త్రాపు అను ఆంగ్ల యంత్రశాస్త్రజ్ఞుడు 1897లో బార్శీ మార్గమును ఈ కొలతతోనే నడపెను. స్వల్పాదాయముగల సీమకు చిన్న బండియే తగునని గుర్తించి ధనము వెచ్చించుటలోనే గజపతి ప్రతిభ కలదు. దాని భారమును తానే మోసెను గదా!

అయితే చౌకకును మూల్యము కలదు. చిన్న బండి పెద్ద పట్టాలపై నడువదు. కావున నౌపడలో సరకునంతయు ఒక బండినుండి దించి వేఱొక బండికి ఎక్కింపవలసి యుండెను. మొదటి సంవత్సరములలో మార్గము నష్టముననే నడిచెను. 1910 తరువాతగాని కొలదిపాటి లాభము కన్పట్టలేదు. 1924–25 తరువాత అది హెచ్చెను. గౌరచంద్రుడు 1905లోనే గతించెను. తాను నెలకొల్పినదాని ఫలితమును చూడని ఆద్యుడతడు. ఆ లాభమును చూచియే తరువాతివారు 1929, 1931 సంవత్సరములలో రెండు దశలుగా మార్గమును గుణుపురము వరకు పొడిగించిరి.

ఆ 1931లోనే గిడుగు వెంకట రామమూర్తిగారి సవరభాషా వ్యాకరణము వెలువడినది. 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిన వారు ఆ పట్టణముననే సవరలతో మాటలాడి వారి భాషను నేర్చిరి. భాషాధ్యయన పద్ధతి అన్యత్ర పుట్టినది. దానిని ఈ కొండల భాషకు ప్రయోగించినవారు రామమూర్తిగారు. పోలిక కొంత దూరమైనదైనను మనము చెప్పిన భేదమును తెలుపుటకు చాలును. రాజును పేర్కొనునపుడు కట్ట పోసిన కూలీలను, పట్టాలు పఱచిన మేస్త్రీలను గూడ ఆద్యులలో చేర్పవలయును. వారి పేర్లు చరిత్ర కెక్కలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడుటతో ఈ చిన్న బండి రెండు రాష్ట్రముల నడుమ నడిచినది. పాతపట్నము ఈవల, పర్లాకిమిడి ఆవల నిలిచినవి. 2004లో చిన్న బండి ఆగెను. పట్టాల వెడల్పు పెంచిన పిదప 2011లో రాకపోకలు మరల మొదలయ్యెను. ఇపుడు గుణుపురమునుండి వచ్చువారికి నౌపడలో బండి మారవలసిన పని లేదు.