పాలబండి చైను: ఇంటివద్దనే సరిచేసుకొనే విధానం



నల్లమాడ చుట్టుపక్కల పల్లెలలో పాలు చాలావరకు మోటారు సైకిళ్లమీదనే సంఘానికి చేరుతున్నవి. కదిరి దారిలో పోయినా, బుక్కపట్నం దారిలో పోయినా దుమ్ము తప్పదు. ఆ దుమ్ము చైను జిడ్డుకు అంటుకొని ఆకురాయివలె అరగదీస్తుంది. 40 లీటర్ల క్యాన్లు రెండు నింపితే పాల బరువే 82 కిలోలు. ఎండాకాలంలో చైను తెగి బండి దారిలో నిలిస్తే, మెకానిక్కు వచ్చేలోగా పాలు పులిసిపోతాయి. వదులైన చైను పళ్లమీదినుండి జారి వెనుక చక్రాన్ని పట్టేస్తే మనిషికే ప్రమాదం.

చైను సాగిందని మనమంటాము గాని, నిజానికి ఇనుము సాగదు. లింకులలోని పిన్నులు, బుష్షులు కొంచెం కొంచెం అరిగి, ఆ సందులన్నీ కలిసి పొడవు పెరుగుతుంది.

ముందు క్యాన్లు దించి, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకొని, బండిని న్యూట్రలులో నడిమి స్టాండుమీద నిలపండి. ఇంజను నడుస్తుండగా చైను తుడవబోయి వేళ్లు పోగొట్టుకొనేవారు ఉన్నారు. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

చైను కవరుకు ఉండే రబ్బరు మూత తీసి, కింది వరుసను నడుమ వేలితో పైకి కిందికి ఆడించి, పిల్లల స్కేలుతో కొలవండి. 100 సి.సి. బండ్లకు సాధారణంగా 20 నుండి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి పుస్తకంలో వేరే కొలత ఉంటే అదే ప్రమాణం. చైను అంతటా ఒకేలా అరగదు కనుక చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూచి, అన్నిటికంటె బిగువుగా ఉన్నచోట కొలత తీసుకోవాలి.

ఇక బిగించడం. బండితో వచ్చిన పానాలు చాలు. ఇరుసు నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటే తీసి, నట్టు వదులు చేయండి. కొన్ని బండ్లకు చైను వైపు స్లీవు నట్టు వేరే ఉంటుంది, దానినీ వదలాలి. తరువాత రెండు వైపులా ఉన్న అడ్జస్టరు నట్లను పావు చుట్టు చొప్పున సమానంగా తిప్పండి. అక్కడి గీతలు రెండు వైపులా ఒకే లెక్కలో ఉండాలి. గీతలు చెరిగిపోయి ఉంటే పురికొస తీసుకొని, వెనుక ఫోర్కు మొదటి బోల్టు నడుమనుండి ఇరుసు నడుమకు ఒకవైపు కొలిచి ముడివేసి, రెండవవైపు అదే ముడి సరిపోతుందేమో చూడండి. చక్రం వంకరగా ఉంటే చైనుతోపాటు పళ్లచక్రమూ ఒకవైపే అరుగుతుంది.

నట్లు గట్టిగా బిగించిన పిమ్మట ఆటను మళ్లీ కొలవండి, బిగింపులో అది మారుతుంది. చక్రం వెనక్కు జరిగినందున వెనుక బ్రేకు కూడా బిగుసుకొంటుంది. బ్రేకు రాడ్డు నట్టును సరిచేసి, చక్రం చేతితో తేలికగా తిరుగుతున్నదా అని చూచుకోవాలి.

పాలబండ్లవారు చేసే పొరపాటు ఒకటున్నది. బరువు ఎక్కువ గదా అని చైనును బిగదీస్తారు. బరువు పడి వెనుక భాగం కుంగినప్పుడు చైను మరింత బిగుసుకొంటుంది, గేరుపెట్టె బేరింగుమీద భారం పడుతుంది. కనుక బండి నిలిపి ఉంచి, ఒకరిని కూర్చోబెట్టి, క్యాన్లు పెట్టి కూడా చూడండి. అప్పుడుకూడా కాస్త ఆట మిగిలి ఉండాలి.

చైను ఇంకా పనికివస్తుందా అన్నదానికీ స్కేలే చాలు. ఈ చిన్న బండ్ల చైనులో పిన్నుకు పిన్నుకు అర అంగుళం, అనగా 12.7 మిల్లీమీటర్లు. బిగలాగి 20 లింకులు కొలిస్తే 254 రావాలి. 259 దాటితే ఎంత బిగించినా ప్రయోజనం లేదు. చైను, రెండు పళ్లచక్రాలు కలిపి మార్చండి. పాత పళ్లమీద కొత్త చైను త్వరగా పాడవుతుంది.

శుభ్రపరచడానికి కిరసనాయిలు, పాత బ్రష్షు చాలు. ఆరిన తరువాత 90 నంబరు గేరు ఆయిలు లింకుల లోపలికి పోయేటట్లు వేసి, పైది తుడిచివేయండి. ఇంజనునుండి తీసిన నల్ల ఆయిలును మేము మెచ్చము, అందులో ఇనుపరజను ఉంటుంది. జాయింటు లింకు క్లిప్పు విప్పినట్లయితే, దాని మూసిన కొన చైను కదిలే దిక్కుకు ఉండేలా పెట్టాలి.

ఈ పని పాలు పోసివచ్చిన తరువాతనే పెట్టుకోండి. పాలు వాసనను ఇట్టే పీల్చుకొంటాయి. కిరసనాయిలు చేతులతో క్యాన్ మూత ముట్టితే సంఘంలో మూత తీయగానే పట్టుబడుతుంది.