సత్యభామ వేషమున స్థానం

పత్తి చేలకు, మిరప చేలకు నడుమ నిలిచిన వినుకొండకు తెలుగు నాటకముతో రెండు విధముల సంబంధము కలదు. ‘క్రీడాభిరామ’ మను వీథినాటకపు కర్తగా ప్రసిద్ధుడైన వల్లభరాయునికి ఆ ఊరి పేరే ఇంటిపేరు. ఇది పండితులెరిగిన సంబంధము. రెండవది సామాన్యజనమెల్ల ఎరిగినది. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములను నటులు తామై తెచ్చి హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో చేర్చుకొనిరి. నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతకవిది, పద్యములు జాషువవి. అయినను వినువారికి ఆ అతుకు కానరాదు. అంటరానివాడని దూరముంచబడిన కవి పద్యములకే పల్లెజనము ‘వన్స్ మోర్’ అని కేకలు వేసిరి.

ఆ కాటిలో హరిశ్చంద్రుని ఎదుట బిడ్డ శవముతో నిలిచిన చంద్రమతి మాత్రము, ఆనాటి రంగస్థలమున తరచుగా స్త్రీ కాదు, పురుషుడే. ఆ పాత్రతోనే 1920లో బాపట్లలో పదునెనిమిదేండ్లు నిండీ నిండని యువకుడొకడు రంగమెక్కెను. ఆ రాత్రి చంద్రమతి వేషము వేయవలసిన నటుడు రాలేదు. నాటకము ఆగిపోవునేమో యన్న తరుణమున ముందుకు వచ్చినవాడు స్థానం నరసింహారావు. 1902 సెప్టెంబరు 23న ఆ ఊరనే జన్మించినవాడు.

అనంతరము ఆయన తెనాలి రామవిలాస సభలో చేరిరి. సారంగధర నాటకమున చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి, కొప్పరపు సుబ్బారావు రచించిన రోషనార, కాళ్ళకూరి వారి చింతామణి, ఇట్లు ఒకదానితో నొకటి పొసగని స్త్రీలనెందరినో ఆయన ధరించిరి. వేషమనగా చీర కట్టి గొంతు సన్నము చేయుట కాదని ఆయన ఎరుగుదురు. రాణి కూర్చుండు తీరు వేరు, వేశ్య కూర్చుండు తీరు వేరు. చీరకట్టును, నగలను, నడకను, చూపును పాత్రపాత్రకు మార్చుట ఆయన పద్ధతి. రాగాలాపనతో రసమును మింగివేయు నటులకు కొదువలేని కాలమది. ఆ కాలమున గానమును భావమునకు లోబరచుట సామాన్యము కాదు.

అందరి మనసులలో నిలిచినది ముత్తరాజు సుబ్బారావు ‘శ్రీకృష్ణ తులాభారము’న సత్యభామ. మగవాడు సత్యభామ యగుట తెలుగువారికి కొత్త కాదు. కూచిపూడి భాగవతులు తరతరములుగా చూపినదే. కాని ఈ సత్య భర్తను నారదునికి దానమిచ్చి, తన నగలన్నియు తక్కెడలో పోసి, అవి చాలక తలవంచుకొనవలసిన సత్య. ఆరంభమున గర్వమెంత ఎత్తున నిలిచిన, ఆ పతనమంత లోతుగా తాకును. ఆ గర్వమునకై ‘మీరజాలగలడా’ అను పాటను నరసింహారావుగారే రచించుకొనిరి. పల్లవిని మరల మరల ఎత్తుకొనుచు ప్రతిమారును వేరొక భావమును చూపుటకు ఆయన ప్రసిద్ధులైరి.

అయినను నటునిగా ఆయనకు కఠిన పరీక్ష మధురవాణి యనవలెను. గురజాడవారి ‘కన్యాశుల్కము’ నడచునది వాడుక మాటలతో. అందు మధురవాణికి పద్యముచాటున దాగుటకు తావు లేదు. మాటలోని విరుపు, మౌనములోని హేళన, ఇవే ఆధారము. ఆ పాత్రయందును ఆయన కీర్తి గడించిరి. 1938లో రంగూనులో ఆయనకు బంగారు కిరీటము బహూకరించిరి. 1956లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. ‘నటస్థానం’ అను పేర తన కళానుభవములను ఆయన గ్రంథస్థము చేసిరి. చలనచిత్రములలోను నటించిరి గాని, ముఖమును చేరువనుండి చూపు కెమెరాకు ఆ కళ ఒదుగునది కాదు.

ఈ కీర్తి వెనుక ఒక చేదు నిజమున్నది. కులస్త్రీ రంగమెక్కరాదని సంఘము శాసించుటచేతనే పురుషునికి ఆ వేషము దక్కినది. ఎక్కిన స్త్రీలకు దక్కినదేమి? కలకత్తాలో 1873 నుండియే స్త్రీలు వృత్తినాటకశాలలలో నటించిరి. 1874లో రంగమెక్కిన వినోదినీ దాసి పండ్రెండేండ్లలో వంగనటులలో అగ్రస్థానమునకు చేరెను. తన త్యాగముతో నిలిచిన నాటకశాలకు తన పేరు పెట్టుదురని ఆమె ఆశించెను. వేశ్యాకులమున పుట్టినదని దానికి ‘స్టార్’ అని పేరు పెట్టిరి. మనలో సురభి కుటుంబముల స్త్రీలు తొలినుండియు నటించుచునే యుండిరి. బళ్ళారి రాఘవ స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని రంగమునకు తెచ్చిరి.

న్యాయము రాఘవగారి పక్షముననే యున్నది. నరసింహారావుగారి అభినయమును మెచ్చుటకు ఆ న్యాయమును కాదనవలసిన పని లేదు. ఒక అన్యాయపు కట్టుబాటు ఇచ్చిన చోటును ఆయన తేలికగా తీసికొనలేదు. స్త్రీవేషమును నవ్వులాటగా మార్చలేదు. ఆ కట్టుబాటు సడలిన కొలది నాటకరంగమున ఆయన విద్యకు వారసుల అవసరమును తగ్గెను.

1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’ చలనచిత్రముగా వచ్చెను. సత్యభామ జమున. నరసింహారావుగారు తన గొంతుకకై కట్టుకొన్న ‘మీరజాలగలడా’ పాటను అందు పి. సుశీల పాడిరి. అప్పటికి ఆయన సజీవులే. 1971 ఫిబ్రవరి 21న మరణించిరి. అదే యేడు జూలైలో గుంటూరున జాషువయు కన్నుమూసిరి. ఆ పాటను నేడు ఎరిగినవారిలో పెక్కుమంది దానిని సుశీల గొంతుతోనే తలచుకొందురు.